చెయ్యి మీకే లేవట్లేదా, ఎవరెత్తినా లేవట్లేదా?

పోయిన నెల మోకాళ్ళ గురించి రాస్తూ ఆఖర్లో "భుజాల సంగతి తర్వాత చూద్దాం" అని ఒక్క ముక్క అన్నాను, అంతే, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వచ్చి పడ్డాయి. చూస్తే మన విశాఖలో గాజువాక నించి భీమిలి దాకా ఎవరి భుజమూ సరిగ్గా ఉన్నట్టు లేదు. సగం మంది ఒకటే మాట, "ఫ్రోజెన్ షోల్డర్ అన్నారండి" అని. ఎవరన్నారయ్యా అంటే పక్కింటావిడ, మందుల షాపతను, యూట్యూబు. అన్నీ అది కాదు. అందుకని ముందే ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటి చెప్పేస్తాను. దెబ్బ తగిలి వాచినవాళ్ళు, కింద పడినవాళ్ళు మాత్రం ఇది చెయ్యకండి, ముందు ఎక్స్‌రే తీయించుకోండి. మిగతావాళ్ళు నొప్పున్న చేతిని మీ అంతట మీరు ఎత్తండి, ఎక్కడ ఆగిందో చూసుకోండి. తర్వాత చెయ్యి వదులుగా వదిలేసి ఇంట్లో ఎవరినైనా మెల్లిగా ఎత్తమనండి. మీరెత్తితే ఆగిపోయి వాళ్ళెత్తితే లేచిందంటే కీలు బానే ఉంది, చేతిని లాగే తాడు దగ్గర, అంటే కండరాన్ని ఎముకకి కట్టే టెండన్ దగ్గర తేడా. ఎవరెత్తినా అక్కడికే వచ్చి ఆగిపోతే కీలే బిగుసుకుంది, ఫ్రోజెన్ షోల్డర్‌లో జరిగేది అదే. కింద చాలా జవాబుల్లో దీని దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తాను, విసుక్కోకండి.

ప్రశ్న: నమస్తే డాక్టరు గారూ. నాకు 52 ఏళ్ళు, సుగర్ వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఐదు నెలల నించి ఎడం భుజం నొప్పి. మొదట్లో రాత్రిళ్ళు అసలు నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు నొప్పి కాస్త తగ్గింది కానీ చెయ్యి వెనక్కి పోవట్లేదు, జడ వేసుకోలేను, వీపు రుద్దుకోలేను. మా అమ్మాయి పట్టుకుని ఎత్తి చూసింది, తను ఎత్తినా చెయ్యి చెవి దాకా రాలేదు. మా వారేమో బద్ధకం, చెయ్యి ఆడించవు అంటారు. ఒక చోట ఫిజియోకి వెళ్తే అతను పట్టుకుని ఒక్కసారి బలంగా ఎత్తేశాడు, ప్రాణం పోయినంత పనైంది, మళ్ళీ అటు వెళ్ళలేదు. ఇంజెక్షన్ చేయించుకోమంటున్నారు, మా ఆడపడుచు ఎముకలు గుల్లైపోతాయి, సుగర్ పెరిగిపోతుంది అని భయపెడుతోంది. ఏం చెయ్యమంటారు? - గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, మీది నిజంగా ఫ్రోజెన్ షోల్డరే అయ్యుండాలి, మీ అమ్మాయి సగం పని చేసిపెట్టింది. ఇంకోటి కూడా చూడండి, మోచెయ్యి నడుముకి ఆనించి మడిచి పెట్టి, అక్కణ్ణించి కదపకుండా అరచేతిని బయటివైపుకి తిప్పండి, పక్కనున్న తలుపు తోసినట్టు. కుడి చెయ్యి బాగా తిరిగి ఎడమది సగంలోనే ఆగిపోతుంది చూడండి. ఈ జబ్బులో మొట్టమొదట పోయేది ఆ తిప్పుడే, చెయ్యి పైకెత్తడం కాదు. చాలామంది అది గమనించరు, జడ దగ్గరికొచ్చాక తెలుస్తుంది.

అసలేమైందంటే భుజం కీలు చుట్టూ ఒక సంచి ఉంటుంది, మామూలుగా వదులుగా ఉంటుంది, అందుకే ఒంట్లో ఏ కీలూ తిరగనన్ని వైపులు భుజం తిరుగుతుంది. ఆ సంచి వాచి, దళసరెక్కి, కొత్త కాటన్ జుబ్బా ఒక్క ఉతుక్కి కుదించుకుపోయినట్టు కుదించుకుపోతుంది. మామూలు భుజంలో 20 మి.లీ. పైనే నీళ్ళు పట్టే సంచిలో ఇప్పుడు 10 కూడా పట్టవు. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టింది 1934లో కాడ్‌మన్ అనే అమెరికా డాక్టరు, ఆయనే దీన్ని ఇదీ అని నిర్వచించడం కష్టం, నయం చెయ్యడం కష్టం, ఎందుకొస్తుందో చెప్పడమూ కష్టం అన్నట్టు రాశాడు, తొంభై ఏళ్ళయినా ఆ మూడో మాట ఇంకా అలాగే ఉంది. జపాను వాళ్ళు ఈ గొడవేం లేకుండా "యాభై ఏళ్ళ భుజం" అని పిలుచుకుంటారు. నిజమే, ఎక్కువగా 40 నించి 60 మధ్యే వస్తుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి ఎక్కువ, సుగర్ ఉంటే మరీ ఎక్కువ. సుగర్ ఉన్న ప్రతి 100 మందిలో పది నించి ఇరవై మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర ఆ సంచి పోగులకి అంటుకుని, మన అనకాపల్లిలో బెల్లప్పాకం ముదిరితే ఎలా బిగుస్తుందో అలా బిగుసుకుపోతుందని అనుకుంటున్నారు. థైరాయిడ్ తేడా ఉన్నా వస్తుంది కాబట్టి ఆ పరీక్ష ఒకసారి చేయించండి, మూడు నెలల సగటు సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా. బద్ధకం వల్ల వచ్చేది మాత్రం కాదు, ఈ పేజీ మీ వారికి చూపించండి.

ఇది మూడు దశల్లో నడుస్తుంది. మొదట నొప్పి దశ, రాత్రిళ్ళు చంపేస్తుంది. తర్వాత బిగుసుకునే దశ, నొప్పి తగ్గుతుంది చెయ్యి లేవదు, మీరిప్పుడు ఆ గుమ్మంలో ఉన్నారు. ఆ తర్వాత మెల్లిగా వదులయ్యే దశ. మొత్తం ఏడాది నించి మూడేళ్ళు పట్టొచ్చు. చాలామందికి దానంతటదే చాలా వరకు వచ్చేస్తుంది, సుగర్ ఉన్నవాళ్ళకి కొంచెం బిగుతు మిగిలిపోవచ్చు.

ఇంజెక్షన్ సంగతి. కీలు లోపలికి ఇచ్చే స్టెరాయిడ్ అది, నొప్పి దశలో మొదటి నెలల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది, మీకు ఇప్పటికీ కొంత పనికొస్తుంది. ఒకటీ రెండింటికి ఎముకలు గుల్లవ్వవు, మీ ఆడపడుచు గారు విన్నది నెలల తరబడి మింగే స్టెరాయిడ్ బిళ్ళల గురించి అయ్యుంటుంది. సుగర్ పెరుగుతుందన్నది మాత్రం నిజమే, రెండు మూడు రోజులు, కొందరికి వారం దాకా పెరుగుతుంది, కాబట్టి సుగర్ అదుపులో ఉన్నప్పుడే చేయించుకుని ఆ వారం ఇంట్లో రోజూ చూసుకోండి, మీ సుగర్ డాక్టరుకి ముందే చెప్పండి. నెలకోసారి పొడిపించుకునేవాళ్ళూ ఉన్నారు, అది వద్దు, టెండన్లు పాడవుతాయి. స్టెరాయిడ్‌తో పాటు సెలైన్ ఎక్కించి సంచిని ఉబ్బించే పద్ధతి కూడా ఉంది.

ఆ ఫిజియో చేసింది తప్పు. ఈ జబ్బులో, అదీ నొప్పి దశలో, బలవంతంగా ఎత్తితే సంచి ఇంకా వాచి బిగుస్తుంది. అలాగని ఫిజియోథెరపీ మానెయ్యకండి, మంచి చెయ్యి చూసుకుని వెళ్ళండి. ఇంట్లో అయితే వేణ్ణీళ్ళ స్నానం అయ్యాక, కుడి చేత్తో బల్ల పట్టుకుని ముందుకి వంగి ఎడం చేతిని గుడిలో గంట నాలికలా వేలాడదీసి మెల్లిగా ఊపండి. గోడ మీద వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించండి, ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిలుతో గీత పెట్టుకోండి, వారానికి ఒక అంగుళం వచ్చినా సంతోషించండి. చీపురు కర్ర రెండు చేతుల్తో పట్టుకుని కుడి చేత్తో ఎడం చేతిని బయటికి తొయ్యండి. ఒకేసారి గంట చేసేకంటే రోజుకి నాలుగైదు సార్లు ఐదేసి నిమిషాలు మేలు. చేసేటప్పుడు లాగినట్టు నొప్పి ఉంటే పర్లేదు, అరగంటలో సర్దుకోవాలి, ఆ రాత్రి నిద్ర చెడిందంటే మర్నాడు సగమే చెయ్యండి.

ఆపరేషన్ గురించి మీరడగలేదు కానీ అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. మత్తిచ్చి చెయ్యి ఎత్తెయ్యడం ఒకటి, చిన్న చిల్లుల్లోంచి కెమెరా పెట్టి ఆ సంచిని కొయ్యడం ఒకటి. బ్రిటన్‌లో 503 మంది మీద ఈ రెండింటినీ, ఇంజెక్షన్‌తో కలిపి పద్ధతిగా చేసే ఫిజియోనీ పోల్చి చూసి 2020లో ఫలితాలు చెప్పారు, ఏడాది తర్వాత ఏదీ మరోదాని కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేదు. కాబట్టి ఆరు నెలలు సరిగ్గా ప్రయత్నించకుండానే "వచ్చే వారం థియేటర్ ఖాళీ ఉంది" అంటే ఆలోచించుకోండి. ఇంకో సంగతి, కొన్నాళ్ళకి కుడి భుజానికి రావచ్చు, వస్తే మొదటి నెలలోనే వెళ్ళండి.

ప్రశ్న: సార్, నాకు 63. షిప్‌యార్డులో ముప్ఫయ్యేళ్ళు నెత్తి మీదకి చేతులెత్తి వెల్డింగు చేసినోణ్ణి. రెండు నెలల కిందట గ్యాసు బండ ఎత్తబోతే కుడి రెక్కలో టప్పుమన్నాది, అప్పట్నించి చెయ్యి లేవదు. మా ఆవిడ ఎత్తితే లేస్తాది, వదిలేస్తే కిందకి పడిపోతాది. ఎమ్మారైలో సుప్రాస్పైనేటస్ ఫుల్ థిక్‌నెస్ టేర్ అని రాసేరు. ఒకాయన ఆపరేషన్ అన్నాడు, ఇంకొకాయన ఈ వయసులో అక్కర్లేదన్నాడు. ఎవరి మాట ఇనాలి? - మల్కాపురం పాఠకుడు

జవాబు: మీ ఆవిడే పరీక్ష చేసేశారు, ఆమె ఎత్తితే లేస్తోంది, వదిలితే పడుతోంది, అంటే కీలు బిగుసుకోలేదు, తాడు తెగింది, టేర్ అంటే అదే. భుజం బంతిని నాలుగు కండరాల టెండన్లు చుట్టూ పట్టుకుని ఉంటాయి, దాన్ని రొటేటర్ కఫ్ అంటారు, జుబ్బా చేతి కఫ్ లాగే. అందులో పైనుండేది సుప్రాస్పైనేటస్, మామూలుగా అరిగేది, తెగేది అదే. చెయ్యి తల మీదకి ఎత్తినప్పుడల్లా పైనున్న ఎముక కింద అది నలుగుతుంది, మరి మీరు ముప్ఫయ్యేళ్ళు అదే పని చేశారు. పెయింటర్లు, తాపీ మేస్త్రీలు, బోర్డు మీద రాసే మాస్టార్లు, వీళ్ళంతా మీ బ్యాచే.

ఇద్దరు డాక్టర్లూ అబద్ధం చెప్పలేదు సార్. 60 దాటినవాళ్ళకి ఎమ్మారై తీస్తే ఏ నొప్పీ లేని భుజాల్లో కూడా టేర్లు బోలెడు కనిపిస్తాయి, మన సముద్రపు గాలికి ఇంటి గేటుకి తుప్పు పట్టినట్టే అది కూడా వయసుతో వచ్చే అరుగుదలే. అలాంటి పాత టేరుకి, చెయ్యి లేస్తూ ఉంటే, మూడు నెలలు ఫిజియో చేసి మిగతా కండరాలని బలపరిస్తే చాలామందికి సరిపోతుంది. అక్కర్లేదన్నాయన ఆ లెక్కలో అన్నాడు. కానీ మీది అలా కాదు, గ్యాసు బండ ఎత్తేదాకా పనిచేసిన చెయ్యి ఆ నిమిషం నించి పనిచెయ్యడం మానేసింది. ఇలా ఉన్నట్టుండి తెగినదాన్ని ఆలస్యం చేస్తే తెగిన చివర రబ్బరులా లోపలికి ముడుచుకుపోతుంది, పనిలేని కండరంలో కొవ్వు చేరుతుంది, కొవ్వు చేరిన కండరాన్ని మళ్ళీ కుట్టినా పెద్దగా లాగదు. మూడు నెలల లోపు కుడితే మేలు, మీకు రెండు అయిపోయాయి. ఎమ్మారై రిపోర్టులో రిట్రాక్షన్ (ముడుచుకోవడం) ఎంత, ఫ్యాటీ (కొవ్వు) మార్పులు ఎంత అని రాసుంటుంది, ఆ రెండు మాటలు చూపించి అడగండి. నా ఓటు మాత్రం ఈ నెలలోనే భుజం ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ని కలవమనే.

చేస్తే చిల్లుల్లోంచే చేస్తారు, ఎముకలో చిన్న మేకుల్లాంటివి దించి టెండన్ని దానికి కట్టేస్తారు. నాలుగు నించి ఆరు వారాలు చెయ్యి స్లింగులో, బరువులు మూడు నెలలు వద్దు, గ్యాసు బండ ఆర్నెల్లదాకా తలపెట్టకండి. చుట్టా బీడీ ఉంటే ఇవాళే మానండి, పొగతాగేవాళ్ళకి కుట్టింది సరిగ్గా అతుక్కోదు, పెద్ద టేర్లు కుట్టాక కూడా కొన్ని మళ్ళీ విడిపోతాయి అన్నది ముందే తెలుసుకుని వెళ్ళండి.

పూర్తిగా పాడైపోయి కుట్టడానికి ఏమీ మిగలని పెద్దవాళ్ళకి ఇంకో దారుంది. 1985లో గ్రామాంట్ అనే ఫ్రెంచి డాక్టరు భుజాన్ని తిరగేశాడు, అంటే బంతి ఉండాల్సిన చోట గిన్నె, గిన్నె ఉండాల్సిన చోట బంతి. అలా పెడితే తెగిన కఫ్‌తో పని లేకుండా బయటి పెద్ద కండరమే చేతిని ఎత్తేస్తుంది. నాకు ఎముకల వైద్యంలో చూసినకొద్దీ ముచ్చటేసే ఆలోచన ఇదొకటి. మీకు ఆ అవసరం రాకూడదనే ఈ తొందరంతా.

ఇదే వరసలో ఉక్కునగరం నించి ఒకరు "టేరు లేదు, ఇంపింజ్‌మెంట్ అన్నారు, ఎముక అరగదియ్యాలన్నారు" అని రాశారు. ఇంపింజ్‌మెంట్ అంటే పైన చెప్పినట్టు ఎముక కింద టెండన్ నలగడమే. ఆ అరగదీసే ఆపరేషన్నీ, ఊరికే కెమెరా పెట్టి చూసి వచ్చేసే ఉత్తుత్తి ఆపరేషన్నీ పోల్చి చూస్తే 2018లో పెద్ద తేడా ఏమీ కనపడలేదు. ముందు ఫిజియోకి పోండి.

ప్రశ్న: సార్ నాకు 21, డిగ్రీ ఫైనలియర్. బీచ్‌లో వాలీబాల్ ఆడుతుంటే రెండేళ్ళ కింద కుడి భుజం జారింది, ఇప్పటికి నాలుగుసార్లు అయింది, మొన్న నిద్దట్లో కూడా జారింది. మా ఫ్రెండు లాగి పెట్టేస్తాడు, అలవాటైపోయింది. అమ్మ కట్టు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే మూడు వారాలు ఆకు కట్టు కట్టారు. ఆపరేషన్ లేకుండా జిమ్‌తో సెట్ అవుతుందా? - పెదవాల్తేరు

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండుకి ముందు దణ్ణం, తర్వాత మానెయ్యమని చెప్పు. నాలుగుసార్లు ఏం కాలేదు కాబట్టి ఐదోసారి కూడా ఏం కాదని కాదు. భుజం చుట్టూ తిరిగే నరం ఒకటి ఉంటుంది, అది నలిగితే భుజం మీద ఆ గుండ్రటి కండ చచ్చుబడుతుంది. మొదటిసారి జారినప్పుడు ఎముక కూడా విరిగి ఉంటే లాగినప్పుడు విరిగిన ముక్క ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు. జారితే చెయ్యి ఎలా ఉందో అలాగే తువ్వాలుతో కట్టుకుని కేజీహెచ్ ఎమర్జెన్సీకో, హనుమంతవాక దగ్గర విమ్స్‌కో, దగ్గర్లో ఎముకల డాక్టరుకో పోవాలి, ఎక్స్‌రే ముందు, లాగడం తర్వాత.

ఎందుకు జారుతోందంటే, తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చుంటుంది, భుజం బంతి అలా కాదు, చిన్న సాసరు మీద పెద్ద నిమ్మకాయ పెట్టినట్టు ఉంటుంది. ఆ సాసరు అంచు చుట్టూ రబ్బరు వాషర్ లాంటి గట్టు ఉంటుంది. మొదటిసారి జారినప్పుడే ముందువైపు ఆ గట్టు ఊడిపోతుంది, భుజాలు వందలో 95 ముందుకే జారతాయి. ఊడిన గట్టు దానంతటది సరైన చోట అతుక్కోదు, అందుకే మళ్ళీ మళ్ళీ. దీన్ని బాంకార్ట్ అనే లండను డాక్టరు 1923లో వివరించాడు, మన ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలైన ఏడే. వందేళ్ళు దాటినా మనవాళ్ళు ఇంకా పైనించి ఆకు కడుతున్నారు. ఊరికే అంటున్నా, కట్టు వైద్యులంటే నాకు కోపం లేదు, చిన్న చిన్న బెణుకులు కట్టి కదలకుండా ఉంచితే తగ్గుతాయి కూడా, కానీ లోపల ఊడిన గట్టుకి బయటి ఆకు ఎలా అందుతుంది చెప్పు.

జిమ్ సంగతి. మొదటిసారి జారినవాళ్ళకి, అందులోనూ వయసు పైబడినవాళ్ళకి, కండరాలు బలపరిస్తే ఉపయోగం ఉంటుంది. ఇరవై లోపు వయసులో మొదలైతే సగం మందికి పైనే మళ్ళీ జారుతుంది, నీకు నాలుగుసార్లు జారి నిద్దట్లో కూడా జారుతోందంటే గట్టుతో పాటు సాసరు ఎముక కూడా అరుగుతోందేమోనని అనుమానం. ఎమ్మారైతో పాటు సీటీ స్కాన్ తీసి ఎముక ఎంత పోయిందో చూస్తారు. తక్కువ పోతే గట్టుని కుట్టేస్తారు, ఎక్కువ పోతే పక్కనున్న చిన్న ఎముక ముక్కని తెచ్చి ముందు అడ్డుగా బిగిస్తారు, 1954లో లాటార్జె అనే డాక్టరు చెప్పిన ఈ పద్ధతిని ఆయన పేరుతోనే లాటార్జె ఆపరేషన్ అంటారు. ఏది చేసినా మళ్ళీ వాలీబాల్ ఆడటానికి ఆరు నెలలు అనుకో. అప్పటిదాకా స్మాష్ కొట్టొద్దు, బస్సు రాడ్డు ఆ చేత్తో పట్టుకోవద్దు. సముద్రంలోకి అసలు దిగొద్దు, ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి ఎలా లాగుతాయో నీకు తెలుసు, నడి నీళ్ళలో భుజం జారితే ఒంటి చేత్తో ఈదలేవు.

ప్రశ్న: ఒక్క రాత్రిలో భుజం నొప్పి మొదలై ఏడ్చేశానండి, తాకనివ్వలేదు. ఎక్స్‌రేలో కాల్షియం ముద్ద ఉందన్నారు. పాలు, కాల్షియం బిళ్ళలు మానెయ్యాలా? - టీచరు, 41, సీతమ్మధార

జవాబు: అక్కర్లేదమ్మా, మీరు తాగే పాలకీ దీనికీ సంబంధమే లేదు. టెండన్ లోపల సున్నం ముద్దలా పేరుకుంటుంది, అది పేరుకున్న రోజులన్నీ చప్పుడు చెయ్యదు, ఒంట్లో కణాలు దాన్ని కరిగించడం మొదలుపెట్టినప్పుడే అంత భయంకరమైన నొప్పి. అంటే మీకు నొప్పి పుట్టిందంటే అది పోయే దారిలో ఉంది. ఐసు పెట్టండి, నొప్పి బిళ్ళలు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి, అవసరమైతే ఇంజెక్షన్. వారాల్లో సర్దుకోకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో కడిగి లాగేస్తారు. కొయ్యడం దాకా వెళ్ళేది చాలా తక్కువ మంది. జ్వరం కూడా ఉండి భుజం ఎర్రగా వాస్తే మాత్రం ఆ రోజే చూపించండి, అది చీము కావచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 70, మూడు నెలల కిందట కుడివైపు పక్షవాతం వచ్చింది. నేనూ అమ్మా మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోపెడతాం. ఈమధ్య కుడి భుజం ముట్టుకుంటే అరుస్తున్నారు, భుజం దగ్గర వేలు దూరేంత గుంట కనిపిస్తోంది. పుల్లీ వ్యాయామం చేయించమని ఎవరో చెప్తే తాడు కట్టాం. - కూతురు, కంచరపాలెం

జవాబు: తల్లీ, ఆ తాడు ఇప్పుడే విప్పేయండి. మీ ఉత్తరం చదివి ఇది ఈ నెలే వెయ్యాలని పట్టుబట్టాను, ఎందుకంటే ఈ తప్పు ప్రతి ఇంట్లో ప్రేమతోనే జరుగుతుంది.

పక్షవాతంలో భుజం చుట్టూ కండరాలు చచ్చుబడతాయి. కీలుని నిలబెట్టేవి అవే కాబట్టి చేతి బరువుకి బంతి సాసరులోంచి కిందకి దిగిపోతుంది, మీరు చూసిన గుంట అదే. ఈ పరిస్థితిలో చంక కింద చెయ్యి వేసి పైకి లేపితే, చెయ్యి పట్టుకుని లాగితే, లోపల వదులుగా ఉన్న టెండన్లు చీలిపోవచ్చు. పుల్లీ కూడా అంతే, ఆయన బాగున్న చేత్తో లాగితే పాడైన చెయ్యి అడ్డూ అదుపూ లేకుండా లేచిపోతుంది.

లేపడం ఇలా: ముందు ఆయన్ని బాగున్న ఎడంపక్కకి తిప్పండి, కాళ్ళు మంచం దించండి, ఒకరు రెండు భుజాల వెనక వీపు మీద చెయ్యి వేసి లేపండి. నిలబెట్టేటప్పుడు నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి ఆ బెల్టు పట్టుకోండి, లేకపోతే గట్టి తువ్వాలు మడిచి కట్టినా సరే. చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు ఆఖర్న కుడి చెయ్యి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి వేలాడకూడదు, ఒళ్ళో తలగడ పెట్టి దాని మీద ఆనించండి. నడిచేటప్పుడు స్లింగు వెయ్యొచ్చు కానీ రోజంతా ఉంచితే మోచెయ్యి మడతలోనే బిగుసుకుపోతుంది. చెయ్యి కదపాల్సి వస్తే మోచేతినీ వీపు మీది రెక్క ఎముకనీ రెంటినీ పట్టుకుని మెల్లిగా, భుజం ఎత్తు దాటకుండా. నర్సు వచ్చినా, ఇంటికి చూడ్డానికి వచ్చిన మావయ్య సాయం పట్టినా ఇదే చెప్పండి, మంచం పక్క గోడకి "కుడి చెయ్యి లాగొద్దు" అని కాగితం అంటించండి, మొహమాటపడొద్దు. కేజీహెచ్‌లో గానీ మీకు దగ్గర్లో గానీ పక్షవాతం రోగులని చూసే ఫిజియోని పిలిచి ఒక్కసారి కళ్ళతో చూసి నేర్చుకోండి.

ప్రశ్న: మెట్లెక్కినప్పుడే ఎడం భుజం లాగుతుంది, ఆగితే తగ్గిపోతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ దగ్గర పడుతోంది, 32 కిలోమీటర్లు నడవాలి, ఏ బామ్ మంచిది? - 57, అడివివరం

జవాబు: బామ్ వద్దు సార్, ఈసీజీ కావాలి. చెయ్యి ఎటు తిప్పినా నొప్పి లేదు, మెట్లెక్కితే వస్తోంది, ఆగితే పోతోంది అంటే అది భుజం మాట కాదు, గుండె మాట. రేపే గుండె డాక్టరుకి చూపించుకోండి, స్వామి వచ్చే ఏడాదీ అక్కడే ఉంటాడు. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చి చెమటలు పడితే, ఆయాసం, దవడ లాగడం ఉంటే ఎవరినీ అడక్కుండా 108కి ఫోన్ చెయ్యండి. ఇలాగే నూనె పదార్థాలు తిన్నాక కుడి భుజం వెనక నొప్పొచ్చేవాళ్ళలో కొంతమందికి అసలు జబ్బు పిత్తాశయంలో రాళ్ళు. భుజం కదిపినా కదపకపోయినా నొప్పిలో తేడా లేదంటే అది వేరే చోట నించి వచ్చింది అనుకోండి.

ప్రశ్న: రుషికొండలో ఐటీ జాబ్, 29. మెడ నించి భుజం, మోచెయ్యి దాటి బొటనవేలు దాకా తిమ్మిరి. నరం పట్టేసిందా? - పేరు వద్దు

జవాబు: మన ఊళ్ళో ఏది పట్టేసినా నరమే అంటారు, మీది మాత్రం నిజంగానే నరం, అదీ మెడలో. భుజం నొప్పి మామూలుగా మోచెయ్యి దాటి కిందకి దిగదు. దిగి వేళ్ళు తిమ్మిరెక్కాయంటే మెడ దగ్గర డిస్కు నరాన్ని నొక్కుతోందేమో చూడాలి. స్క్రీన్ కళ్ళ ఎత్తుకి పెట్టుకోండి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మంచం మీద పని చెయ్యడం మానండి, అరగంటకోసారి లేవండి, ఎక్కువమందికి ఆరు వారాల్లో తగ్గుతుంది. చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, పట్టు తగ్గినా ఆగకండి.

ప్రశ్న: అన్నీ సరే గానీ డాక్టరు గారూ, రాత్రి ఎలా పడుకోవాలో ఒక్కరూ చెప్పరేం? - ఫ్రోజెన్ షోల్డర్ బాధితుడు, మర్రిపాలెం

జవాబు: కరెక్టే, నేనూ మర్చిపోయాను. వెల్లకిలా పడుకుని నొప్పున్న మోచేతి కింద చిన్న తలగడ పెట్టండి, మోచెయ్యి వీపు కంటే కిందకి జారకూడదు. పక్కకి పడుకోవాలంటే మంచి భుజం కింద ఉండాలి, ఛాతీ ముందు లావు తలగడ ఒకటి పెట్టుకుని నొప్పున్న చెయ్యి దాని మీద వెయ్యండి, పసిపిల్లని పట్టుకున్నట్టు. అది కూడా కుదరని రాత్రుల్లో పడక్కుర్చీయే దిక్కు, మా తాతగారి పాత పడక్కుర్చీ నేనూ ఒక ఏడాది దిగలేదు, నా కుడి భుజం పేరు చెప్పి.